చిట్టాలో రాయని బాకీ

గుడివాడ,
20 జనవరి 2025

సత్యవతి అత్తయ్యకి,

మీ మేనకోడలు గ్రేస్ వందనాలతో రాస్తున్నాను. మేమంతా దేవుని కృప వల్ల కులాసా. మీ కంటి ఆపరేషను బాగా జరిగిందని విని సంతోషించాం. మీకు ఫోన్ చేస్తే మా వీధి చివరిదాకా వినేలా అరవాలి, అయినా మీకు సగమే వినపడుతుంది. ఈసారి చెప్పాల్సింది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే పిల్లదాని నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపాను. మీ కన్ను ఇంకా నీళ్ళు కారుతుంటే మెల్లగా చదవండి, తొందరేం లేదు. అంటే, ఉంది గానీ మరీ అంత లేదు.

మీ అల్లుడు జాన్సన్ గారు నిన్ననే నాగాయలంక వెళ్ళారు, అక్కడ ఎవరిదో పెళ్ళికి షామియానాలు వేయాలి. అక్కణ్ణుంచి అవనిగడ్డలో ఇంకోటి ఉంది. పని బాగానే దొరుకుతోంది అత్తయ్యా. డబ్బే నిలవడం లేదు. ఇటు రావడం, అటు వడ్డీలకి పోవడం. నెలాఖరుకి పప్పు డబ్బా అడుగు కనిపిస్తోంది.

అసలు విషయానికొస్తాను. మీరు నాకు రెండు లక్షలు సర్దాలి. మీ పింఛను డబ్బు ఎలాగూ బ్యాంకులో ఊరికే ఉంటుంది కదా. నెలకి ఐదు వేల చొప్పున తీర్చేస్తాను. ఆయనకి చెప్పలేదు. పుట్టింటివాళ్ళని అడగడమంటే ఆయనకి తలకొట్టేసినట్టుంటుంది. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి.

మీ పక్కింటి జాన్‌బీ గారిని అడిగానని చెప్పండి. వాళ్ళమ్మాయి నసీమా, పిల్లలు బాగున్నారు. మా డ్వాక్రా సంఘానికి నేను లీడర్ని, నసీమా రెండో లీడరు. ఒకే వీధి కాబట్టి రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

మీ
గ్రేస్


చిలకలపూడి, బందరు,
27-1-2025

చిరంజీవి గ్రేసమ్మకి,

మేనత్త దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మేనత్తగా, రెండోసారి లెక్కల టీచరుగా. మేనత్తకి కళ్ళనీళ్ళు వచ్చాయి, అది ఆపరేషను వల్ల కూడా కావచ్చు. లెక్కల టీచరు మాత్రం సున్నా మార్కులు వేసింది.

రెండు లక్షలు ఎందుకో ఎక్కడా రాయలేదు. బావి ఎంత లోతో చూడకుండా చేంతాడు కొనేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ముందు నాకొక చిట్టా పంపు. ఎవరికి, ఎంత, నూటికి ఎంత వడ్డీ, ఎప్పుడు తెచ్చారు, ఎందుకు తెచ్చారు. ఒక్కటి కూడా వదలొద్దు. చేబదుళ్ళు కూడా రాయి. మీ నాన్న, మా తమ్ముడు దేవదానం కూడా ఇంతే. ఎంత అప్పుందిరా అంటే "ఏదో ఉందిలే అక్కా" అనేవాడు. ఆ "ఏదో" లెక్క తేల్చడానికి వాడు పోయాక మాకు ఎనిమిది నెలలు పట్టింది.

నా పింఛను ఊరికే ఉంటుందని ఎవరు చెప్పారే నీకు? డబ్బు ఎక్కడా ఊరికే కూర్చోదు. నా మందులు, కరెంటు, పనిమనిషి, చర్చి. అడిగి తీసుకుపోయేవాళ్ళూ లేకపోలేదు. అంతకంటే రాయను.

జాన్‌బీ రోజుకి నాలుగుసార్లు వచ్చి నా కంట్లో చుక్కలు వేసి వెళ్తోంది. గిల్టు గాజులకి రాళ్ళు అంటించే చెయ్యి కదా, ఒక్క చుక్క కూడా పక్కకి పోదు. డాక్టరు దగ్గర నర్సు వేస్తే సగం చెవిలోకి పోయింది. ఎలాగూ పనిచేయని చెవే కాబట్టి ఏమీ అనలేదు.

చిట్టా కోసం చూస్తుంటాను.

దీవెనలతో,
సత్యవతి అత్త


గుడివాడ,
8 ఫిబ్రవరి 2025

అత్తయ్యకి వందనాలు.

మీ ఉత్తరం చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. డబ్బు అడిగితే పరీక్ష పెట్టారు. సరే, అడిగాను కాబట్టి రాయక తప్పదు. ఆయన నాగాయలంక నుంచి వచ్చి మళ్ళీ వెళ్ళారు. ఆయన లేనప్పుడు కూర్చుని రాశాను.

ట్రాలీ ఆటో మీద ఫైనాన్సు, ఇంకా కట్టాల్సింది 1,40,000. నెలకి ఏడు వేల రెండొందలు.
నాన్న నాకు చేయించిన గాజులు బ్యాంకులో ఉన్నాయి, వాటి మీద 90,000. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాం.
శోభనాద్రి గారి దగ్గర 60,000. నూటికి ఐదు.
చీటీ పాడేసుకున్నాం, ఇంకా పదకొండు నెలలు ఐదేసి వేలు కట్టాలి. 55,000.
పిల్లదాని కాలేజీ ఫీజు 22,000.
కిరాణా కొట్టు 8,400.

మొత్తం 3,75,400. కూడింది నేనే, పిల్లది సరిచూసింది. ఎందుకమ్మా ఇవన్నీ అంటే పాత లెక్కలన్నాను.

ఎందుకు తెచ్చారని అడిగారు. ట్రాలీ, కొత్త కుర్చీలు, సౌండు బాక్సులు. ఆ తర్వాత తెచ్చినవి ముందు తెచ్చినవాటికి కట్టడానికి తెచ్చాం. ఒక్కటి మాత్రం చెప్తాను, దేవుడి సొమ్ము ఎప్పుడూ ఉంచుకోలేదు. శోభనాద్రి గారి దగ్గర అరవై తెచ్చిన రోజు కూడా ముందు దశమభాగం ఆరు వేలు తీసి, కవర్లో పెట్టి చర్చిలో ఇచ్చాకే మిగతాది ముట్టుకున్నాను.

ఇప్పుడైనా సర్దుతారా అత్తయ్యా? ఇంతకంటే దాచుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

మీ
గ్రేస్


చిలకలపూడి, బందరు,
14-2-2025

గ్రేసమ్మా,

దీవెనలు. నాకు డెబ్బై మూడేళ్ళు. పుట్టినప్పటి నుంచీ చర్చిలోనే ఉన్నాను. అప్పు తెచ్చిన డబ్బులో దశమభాగం తీసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. దశమభాగం రాబడిలో ఇస్తారే పిచ్చిదానా! శోభనాద్రి డబ్బు నీ రాబడా? ఆ ఆరు వేల మీద కూడా నూటికి ఐదు వడ్డీ కడుతున్నావు. దేవుడు నిన్ను వడ్డీకి తెచ్చి ఇవ్వమని ఎక్కడ అడిగాడు? నవ్వాలో ఏడవాలో తెలియక జాన్‌బీకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది.

ఇప్పుడు లెక్క. శోభనాద్రికి నెలకి మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. రెండేళ్ళు వడ్డీ కడితే డెబ్బై రెండు వేలు అవుతుంది, అసలు అరవై అలాగే ఉంటుంది. ముందు తెంపాల్సింది దాన్ని. బ్యాంకులో ఉన్న గాజులు అమ్మేయి. బంగారం ధర ఇంతలా పెరిగిన రోజుల్లో బ్యాంకు బాకీ పోగా చేతికి వస్తుంది, దాంతో శోభనాద్రి అసలు తీర్చు. దేవదానం చేయించిన గాజులని ఏడవకు. వాడు నీ చేతికి చేయించాడు గానీ బ్యాంకు బీరువాకి చేయించలేదు. మా చిలకలపూడి గిల్టు గాజులు ఒక జత నేను కొనిపెడతాను. తేడా దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

రెండు లక్షలు ఇవ్వను. ఇస్తే ఆరు బాకీల్లో నాలుగు తీర్చి, ఏడోది నా దగ్గర మొదలుపెడతావు.

ఇంకొక మాట. కోపం ఆపుకుని రాస్తున్నాను. నీ చిట్టాలో ఒకటి లేదు. అదేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇచ్చిన మనిషి నోరు తెరిచి అడగదులే అని వదిలేశావు. పైగా ఇంతకంటే దాచుకోవడానికేమీ లేదని కూడా రాశావు. ఎవరికో మాటిచ్చాను కాబట్టి ఇంతకంటే విప్పి చెప్పను. నువ్వే చెప్పాలి.

సత్యవతి అత్త


గుడివాడ,
20 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం గుమ్మంలోనే చదివాను. జాన్‌బీ గారు చెప్పారా? అయితే నసీమాకి కూడా తెలిసిపోయిందా? తెలిసి కూడా నాతో మామూలుగా మాట్లాడుతోందా?

దాచాననే అనండి. నా పేరు మీద లేదు కాబట్టి నా అప్పు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మూడేళ్ళ కిందట మా సంఘానికి పది లక్షలు లోను వచ్చింది, మనిషికో లక్ష. నసీమాకి అప్పట్లో అవసరం లేక తన వాటా నన్ను వాడుకోమంది. కాగితం మీద అప్పు తనది, కట్టేది నేను. మా సంఘాల్లో అందరూ చేసే పనే. నెలకి మూడు వేల ఐదొందలు. బాగానే కట్టాను. కిందటి అక్టోబరు నుంచి ఆగిపోయింది. లీడర్ని కాబట్టి అందరి కిస్తీలూ నా చేతికే వస్తాయి, నేనే బ్యాంకులో కడతాను. మిగతావాళ్ళవి, నా వాటాదీ పైసా తేడా లేకుండా కడుతున్నాను. నసీమా వాటా ఒక్కటే కట్టడం లేదు. ఐదు నెలలకి పదిహేడు వేల ఐదొందలు. బ్యాంకు వాళ్ళు ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగలేదు. దేవుడు వాళ్ళ కళ్ళు కప్పి నన్ను కాపాడుతున్నాడనుకున్నాను.

మార్చితో ఈ లోను అయిపోతుంది. మొత్తం కట్టి ఉంటేనే పదిమందికీ కొత్త లోను ఇస్తారు. ఒక్కరిది తక్కువైనా ఎవరికీ రాదు. నసీమా వాళ్ళాయన బిలాల్ ఇన్నేళ్ళూ కిరాయి ఆటో నడిపాడు. ఇప్పుడు ఆ లోను వస్తుందన్న ధైర్యంతో శ్యామ్ సుందర్ గారి సెకండ్ హ్యాండ్ ఆటోకి ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చారు. ఏప్రిల్ మొదటివారంలోగా మిగతాది కట్టకపోతే అడ్వాన్సు పోతుంది. నా వల్ల పోతుంది అత్తయ్యా. నసీమా ఎదురుపడుతుందేమోనని పాలపాకెట్టు కోసం మూడు వీధులు తిరిగి వేరే కొట్టుకి వెళ్తున్నాను.

శోభనాద్రి గారు ఇంటిమీదకొచ్చి అరిచినా నాకు ఇంత సిగ్గు వేయలేదు. జాన్‌బీ గారి కాళ్ళు పట్టుకుంటానని చెప్పండి. కొంచెం ఆగమనండి.

గ్రేస్


చిలకలపూడి, బందరు,
24-2-2025

అమ్మా గ్రేసూ,

ముందు ఊపిరి పీల్చుకో. జాన్‌బీ నాకేమీ చెప్పలేదు, ఆవిడకి తెలియదు కూడా. నేను రాసింది నసీమా బాకీ గురించి కాదు. నేను రాసింది నా గురించి.

కిందటి జూలైలో మీ ఆయన బస్సెక్కి బందరు వచ్చాడు. నాగాయలంకలో గాలివానకి ఆరు షామియానాలు చిరిగిపోయాయని, కొత్తవి కొనకపోతే ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ పోతాయని చెప్పాడు. డెబ్బై వేలు ఇచ్చాను, వడ్డీ లేకుండా. "గ్రేసుకి చెప్పకండి అత్తయ్యగారూ, పుట్టింటివాళ్ళని అడిగానంటే తను తల ఎత్తుకోలేదు" అన్నాడు. మాటిచ్చాను. మొగుడూ పెళ్ళాల మధ్య ఇన్ని నెలలు అంత మాట దాగుతుందా, ఈపాటికి చెప్పే ఉంటాడనుకున్నాను. నీ చిట్టాలో నా పేరు కనిపించకపోయేసరికి, అత్త అడగదులే అని మీరిద్దరూ కలిసి నా డబ్బు ఎగ్గొట్టారనుకుని మండిపడ్డాను. ఇప్పుడు మాట తప్పాను. అల్లుడికి నేనే క్షమాపణ రాస్తాను.

పుట్టింటివాళ్ళని అడగడం ఆయనకి నామోషీ అని నువ్వు, నీకు నామోషీ అని ఆయన. ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఇల్లు ముంచుతున్నారు. ఈ ఉత్తరం ఆయనకి చూపించు. ఇద్దరూ కలిసి చిట్టా మళ్ళీ రాయండి. నా డెబ్బై వేలు అన్నిటికంటే కిందన రాయండి.

నసీమా సంగతి మాత్రం ఆగేది కాదు. ముందు వెళ్ళి చెప్పు. డబ్బు పోగయ్యాక చెప్తాననుకోకు.

నీ అత్త


గుడివాడ,
9 మార్చి 2025

అత్తయ్యకి వందనాలు.

ఆయన అవనిగడ్డ నుంచి రాగానే అన్నం పెట్టి, కంచం పక్కన మీ ఉత్తరం పెట్టాను. చదివి అన్నం వదిలేసి లేచిపోయారు. షామియానాల డబ్బు పెళ్ళివారు నష్టపరిహారంగా ఇచ్చారని ఆయన నాతో చెప్పింది గుర్తొచ్చి నాకూ ఒళ్ళు మండింది. "మరి నువ్వు? నువ్వూ ఆవిడ్నే అడిగావుగా!" అన్నారు. మూడు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. పిల్లదే అటూ ఇటూ కబుర్లు మోసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయనే కాగితం తెచ్చి నా ముందు కూర్చున్నారు. మీ డెబ్బై వేలు కాక మైకు సెట్టు బాగుచేసినతనికి ఇంకో పన్నెండు వేలు ఉన్నాయట. అదీ రాశాం. అన్నీ ఒకేచోట చూస్తే భయం వేసింది గానీ, ఆ రాత్రి ఇద్దరం నిద్రపోయాం. చాలా రోజులైంది అలా పడుకుని.

గాజులు అమ్మేశాం. బ్యాంకు బాకీ పోగా అరవై మూడు వేలు మిగిలింది. శోభనాద్రి గారికి అసలు అరవై, ఈ నెల వడ్డీ మూడు, సరిగ్గా సరిపోయింది. నోటు చింపించుకుని తెచ్చుకున్నాం. చేతిలో మళ్ళీ ఏమీ లేదు. జనరేటరూ సౌండు బాక్సులూ ఘంటసాలలో షామియానాలు వేసే గోపికి నలభై ఐదు వేలకి ఇచ్చేస్తున్నాం, అతను ఇరవై ఐదో తేదీన డబ్బిస్తానన్నాడు. ఇక ఎవరికైనా అవి కావాలంటే అద్దెకి తెచ్చి వేస్తామంటున్నారు ఆయన. ఆ బాక్సులు తుడుస్తూ ఒక పూటంతా కూర్చున్నారు. నేను చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

నసీమాకి ఇంకా చెప్పలేదు. కోప్పడకండి. రంజాను నెల, ఉపవాసంతో తను పొద్దున్నించీ మిషను మీదే ఉంటోంది, పండగ బట్టలు కుట్టాలిగా. ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెప్పను? గోపి డబ్బు రాగానే ఇస్తూ చెప్తాను.

మీ
గ్రేస్


చిలకలపూడి, బందరు,
15-3-2025

గ్రేసమ్మా,

గాజుల పని, జనరేటరు పని మంచిగా చేశారు. అల్లుడికి నేను శభాష్ అన్నానని చెప్పు.

ఒక్కటే అడుగుతాను. గాజుల డబ్బు చేతికొచ్చిన రోజు శోభనాద్రికే ఎందుకు కట్టావు? నేనే చెప్పాను, నిజమే. అప్పటికి నాకు నసీమా సంగతి తెలియదు, నీకు తెలుసు. వాకిట్లో నిలబడి అరిచేవాడికి ముందు కట్టావు, అడగనిదాన్ని వెనక్కి నెట్టావు. నేనూ నా డెబ్బై వేల దగ్గర అదే అనుకుని మండిపడ్డాను కాబట్టి ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఉత్త చేతులతోనే వెళ్ళు. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు.

సత్యవతి అత్త


గుడివాడ,
29 మార్చి 2025

అత్తయ్యా,

మీ మాట వినలేదు. మీ ఉత్తరం అందిన రోజు నసీమా గుమ్మం దాకా వెళ్ళాను. లోపల మిషను చప్పుడు వినిపించింది. వెనక్కి వచ్చేశాను. గోపి అన్నట్టే ఇరవై ఐదున డబ్బిచ్చాడు. ఆ మర్నాడు ఐదు నెలల బాకీ, ఈ నెలదీ కలిపి ఇరవై ఒక్క వేలు కవర్లో పెట్టుకుని వెళ్ళాను. ఆయన వస్తానన్నారు, వద్దన్నాను.

నసీమా చీకటి పడితే నమాజుకి లేవాలని గబగబా గుండీలు కుడుతోంది. నిలబడే అంతా చెప్పేశాను. తను తలెత్తలేదు. చెప్పడం అయ్యాక దారం తెంపి, "నాకు తెలుసక్కా" అంది.

మొదటి నెలలోనే తెలిసిందట. నన్ను అడగలేదు గానీ బ్యాంకు వాళ్ళు రెండో లీడరని తనకి ఫోన్ చేసి, మూడున్నర వేలు తక్కువ పడ్డాయన్నారట. తనే వెళ్ళి కట్టింది. ఆ తర్వాత నెలా కట్టింది. ఐదు నెలలూ తనే కట్టింది అత్తయ్యా, ఆ మిషను మీద. బ్యాంకు వాళ్ళ కళ్ళు దేవుడు కప్పాడని నేను అనుకున్నది అదీ. సంఘానికి ఒక్క రూపాయి కూడా బాకీ లేదు. ఈ నెలది కట్టేస్తే కొత్త లోను వచ్చేస్తుంది, బిలాల్ ఆటోకి ఏ అడ్డూ లేదు. వీధిలో అందరి పిల్లలకీ పండగ బట్టలు కుట్టింది, తన పిల్లలకి మాత్రం ఈసారి గుడ్డ కొనలేదట. అది తను చెప్పలేదు, చిన్నది చెప్పింది.

"మరి నన్ను అడగలేదేమే?" అన్నాను. "నువ్వొచ్చి చెప్తావని చూశానక్కా. ప్రతి నెలా చూశాను. పాలకొట్టు మార్చేశావుగా, ఇంక రావులే అనుకున్నా" అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చింది, తను పొద్దున్నించీ గుక్క నీళ్ళు తాగకుండా. కొత్త లోనులో తన వాటా తనే తీసుకుంటానంది. లీడరుగా నన్నే ఉండమంది, బ్యాంకుకి మాత్రం ఇకనుంచి ఇద్దరం కలిసి వెళ్దామంది. సరేనన్నాను.

మాకూ నసీమాకూ పదకొండేళ్ళ స్నేహం. ఇన్నేళ్ళలో చీటీ డబ్బు, సంఘం డబ్బు, చేబదుళ్ళు ఎన్నో నా చేతి నుంచి తన చేతికి వెళ్ళాయి. ఎప్పుడూ కొంగులో ముడేసుకోవడమే గానీ విప్పి చూసింది లేదు. మొన్న కవరు అందుకుని, కుడుతున్న బట్ట పక్కన పెట్టి, నా ఎదురుగా నోట్లన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి లెక్కపెట్టింది. నేను నిలబడి చూశాను.

"సరిపోయాయక్కా" అంది.

మీ
గ్రేస్